హైదరాబాద్‌లో సొంత గది కుదిరేదాకా ఎక్కడుండాలి? షెల్టరా, హాస్టలా, పంచుకునే గదా, వాచ్‌మన్ కొలువా?

ఓనరు గది ఖాళీ చేయమన్నాడు, కొత్త గదికి అడ్వాన్స్ చేతిలో లేదు. లేదంటే పని వెతుక్కుంటూ ఊరి నుంచి వచ్చి ఇమ్లీబన్‌లో బస్సు దిగారు, జేబులో రెండు వేలున్నాయి. ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఎక్కడ చవక?" దానికన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఎక్కడుంటే పొద్దున ఏడింటికల్లా స్నానం చేసి పనికి పోగలం? ఎక్కడుంటే నెలాఖరుకు చేతిలో ఎక్కువ మిగులుతుంది? ఫుట్‌పాత్ మీద పడకకు కిరాయి లేదు. అయినా లెక్క వేసి చూస్తే అది హాస్టల్ కన్నా ఖరీదు. ఆ లెక్క కింద ఉంది.

ఇందులో రాసిన కిరాయిలు, ఖర్చులు సుమారు అంకెలు. బస్తీని బట్టి, సీజన్ని బట్టి మారతాయి. మీ అంకెలు వేసుకుని అదే వరసలో లెక్క చూసుకోండి.

## ఏవి చూసి ఎంచుకోవాలి

మొదటిది, ఎన్ని రాత్రులు. మూడు రాత్రుల అవసరానికీ మూడు నెలల అవసరానికీ ఒకే చోటు సరిపోదు. సోమవారం జీతం పడుతుందనుకునే మనిషి హాస్టల్‌కు నెల డబ్బు కట్టడం దండగ. పని ఉండి అడ్వాన్స్ లేదంటే మాత్రం అది కనీసం రెండు నెలల వ్యవహారం. దాన్ని "ఈ రెండ్రోజులు ఎలాగో గడుపుదాం" అని స్టేషన్లో మొదలుపెడితే నెల తర్వాత కూడా స్టేషన్లోనే ఉంటారు.

రెండోది, బ్యాగు. చాలామంది దీన్ని చిన్న విషయం అనుకుంటారు. బ్యాగు పెట్టుకునే చోటు లేకపోతే కూలీల అడ్డా మీదికి బ్యాగుతోనే పోవాలి. బ్యాగుతో నిలబడ్డవాణ్ని చూస్తే మేస్త్రీకి "వీడు రేపుంటాడో ఉండడో" అన్న అనుమానం. నాలుగు రోజుల పనికి పిలిచేటప్పుడు పక్కవాణ్ని పిలుస్తాడు. బ్యాగు పోతే ఆధార్, ఏటీఎం కార్డు, ఫోను ఒకేసారి పోతాయి, వాటి వెనక వారం రోజుల కూలీ పోతుంది.

మూడోది, పని వేళలు. రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డుకు పగలు పడుకునే చోటు కావాలి. పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగ్ కుర్రాళ్లు రాత్రి ఒంటిగంటకు తిరిగొస్తారు. పదింటికి గేటు మూసే చోటు వాళ్లకు పనికిరాదు.

ఇక వెంట ఎవరున్నారన్నది. ఒంటరి మగవాడికి దారులు ఎక్కువ. భార్యాపిల్లలతో ఉన్నవాడికి సగం మూసుకుపోతాయి. ఒంటరి ఆడమనిషికి వేరే దారులున్నాయి, అవి చాలామందికి తెలియవు.

| చోటు | లోపలికి వెళ్లాలంటే | నెలకు సుమారు | సామాను | ఎవరికి కుదరదు |
|---|---|---|---|---|
| నైట్ షెల్టర్ | పేరు రాయించాలి, గుర్తింపు కార్డు ఉంటే మంచిది | ఉచితం, లేదా నామమాత్రం | లాకర్ ఉంటే ఉన్నట్టు | కుటుంబంగా ఉండాలనేవాళ్లకు, రాత్రి డ్యూటీవాళ్లకు |
| స్టేషన్ డార్మిటరీ | రైలు టికెట్ పీఎన్‌ఆర్ | రోజు లెక్కన | క్లోక్‌రూమ్ | రెండు రాత్రులు మించినవాళ్లకు |
| హాస్టల్ | ఆధార్, నెల డబ్బు, వెయ్యి రెండు వేల అడ్వాన్స్ | తిండితో 5,500–7,500 | చిన్న అల్మారా | పిల్లలున్నవాళ్లకు |
| పంచుకునే గది | ఊరివాళ్ల పరిచయం | వాటా 1,500–2,500, వంట ఖర్చు వేరే | అందరిదీ ఒకే తాళం | తెలిసినవాళ్లు లేనివాళ్లకు |
| సైటు షెడ్డు | మేస్త్రీ మాట | ఉచితం | రేకు తలుపు | బడి ఈడు పిల్లలున్నవాళ్లకు |
| వాచ్‌మన్ గది | భార్యాభర్తలు, ఒక పూచీ | ఉచితం, పైన జీతం | సొంత తాళం | ఒంటరివాళ్లకు |
| బస్తీలో సొంత గది | రెండు నెలల అడ్వాన్స్, మొదటి నెల కిరాయి | 3,500–5,000, కరెంటు వేరే | సొంత తాళం | చేతిలో పదిహేను వేలు లేనివాళ్లకు |

## రోజుకు 600 కూలీ మీద లెక్క

నెలలో 22 రోజులు పని దొరికితే 13,200. చేరాల్సిన చోటు 4,000 కిరాయి గది అనుకుందాం. రెండు నెలల అడ్వాన్స్ 8,000, మొదటి నెల 4,000, పొయ్యి, గిన్నెలు, చాప, బకెట్లకు 2,500. మొత్తం 14,500 కూడితే గాని గది తాళం చేతికి రాదు.

షెల్టర్లో ఉంటే రోజుకు టిఫిన్ 30, మధ్యాహ్నం ఇందిరా క్యాంటీన్లో 5 రూపాయల భోజనం, రాత్రి భోజనం 70, టీలు 20, బస్సు 40. అంటే 165, నెలకు 4,950. సబ్బు, ఫోన్ రీచార్జి 500.

ఫుట్‌పాత్ మీద ఆ 165కు తోడు సులభ్ కాంప్లెక్సులో స్నానానికి 20, దొడ్డికి 10, బ్యాగు ఎవరి దగ్గరైనా పెట్టుకున్నందుకు 30. రాత్రి వర్షం పడినా, పోలీసులు లేపినా, దోమలు నిద్ర పోనివ్వకపోయినా పొద్దున అడ్డా దాటిపోతుంది. నెలకు నాలుగు రోజులు అలా పోయాయనుకోండి, చాలా తక్కువగా వేసినట్టే.

| చోటు | నెల ఖర్చు | పోయే కూలీ | మిగిలేది | 14,500 కూడటానికి |
|---|---|---|---|---|
| షెల్టర్ | 5,450 | – | 7,750 | రెండు నెలల లోపు |
| పంచుకునే గది (కార్డు బియ్యంతో) | 6,300 | – | 6,900 | రెండు నెలలు దాటి నాలుగు రోజులు |
| హాస్టల్ | 8,950 | – | 4,250 | మూడున్నర నెలలు |
| ఫుట్‌పాత్ | 7,250 | 2,400 | 3,550 | నాలుగు నెలలు పైనే |

పంచుకునే గదికి వాటా 1,500, కలిసి వండుకుంటే తిండికి 2,500, బస్సుకు 1,200, టీలకు 600, పై ఖర్చులు 500 వేశాం. హాస్టల్‌కు 6,500, రోజూ టీ, బస్సు, మధ్యాహ్నం బయట 5 రూపాయల భోజనం కలిపి 65, పై ఖర్చులు అవే 500. మధ్యాహ్నం హాస్టల్లో వండుతారు నిజమే, పనిలో ఉన్నవాడికి అది అందదు. డబ్బు కట్టిన భోజనం, తినని భోజనం.

ఇక్కడ చూడాల్సింది షెల్టర్‌కూ పంచుకునే గదికీ తేడా. నెలకు 850 మాత్రమే. గదికి తాళం, వంట, వేళాపాళా లేకుండా రాకపోకలు ఉన్నాయంటే ఆ 850 ఎక్కువ కాదు. కాబట్టి తెలిసినవాళ్ల గదిలో చోటు దొరికితే అదే ముందు చూడండి. దొరక్కపోతే షెల్టర్. హాస్టల్ ఆ తర్వాత.

## నైట్ షెల్టర్

లక్ష జనాభాకు వంద మందికి సరిపడా ఒక శాశ్వత షెల్టర్, ఒక్కో మనిషికి కనీసం 50 చదరపు అడుగులు, రోజుకు 24 గంటలూ తెరిచి ఉండాలి. 2010లో సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఇచ్చిన ఆదేశాలు, 2013లో మొదలైన పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు కలిపి చెప్పేది ఇది. హైదరాబాద్‌లో ఉన్నవి దానికి చాలా తక్కువ. ఉన్నవాటిలోనూ పొద్దున తొమ్మిదింటికి బయటికి పంపేవే ఎక్కువ.

ఎక్కడుందో తెలియాలంటే కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసులో యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) సెక్షన్‌ను అడగండి. జిల్లా పట్టణాల్లో, ఆంధ్రలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందికి తెలుస్తుంది. రాత్రి పదింటికి వెతుక్కుంటూ పోవద్దు. సాయంత్రం ఆరింటికే పోయి పేరు రాయించండి. ఖాళీ లేదంటే ఇంకో షెల్టర్‌కు ఫోన్ చేసి కనుక్కోమని అక్కడి కేర్‌టేకర్నే అడగండి. వాళ్లకు ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటుంది.

కేర్‌టేకర్‌ను నాలుగు విషయాలు అడిగి ఒప్పుకోండి: గేటు ఎన్నింటికి మూస్తారు, ఆలస్యమైతే ఫోన్ చేస్తే తీస్తారా, లాకర్ ఉందా, ఎన్ని రోజులు ఉండనిస్తారు. లాకర్ ఉన్నా తాళం మీరే కొనుక్కోవాలి.

చెడేది ఎక్కడంటే, మొదట ఫోన్లు. చార్జింగ్ ప్లగ్గులు గోడకు ఓ మూల రెండో మూడో ఉంటాయి, పడకేమో దూరంగా ఉంటుంది. ప్లగ్గులో పెట్టి పడుకున్న ఫోను పొద్దున ఉండదు. పని చోటే చార్జింగ్ పెట్టుకోండి, లేదా చిన్న పవర్‌బ్యాంకు జేబులో పెట్టుకుని పడుకోండి.

ఆ తర్వాత నల్లులు, గజ్జి. బ్యాగును పరుపు మీదా, మంచం కిందా పెట్టొద్దు. పెద్ద ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి కట్టండి. పరుపు అంచు కుట్టు దగ్గర వేలితో లాగి చూస్తే నల్లమిరియపు పొడి చల్లినట్టు చుక్కలు కనిపిస్తే అవి నల్లుల రెట్టలు. ఆ పడక వద్దనండి. వేళ్ల సందుల్లో, నడుం దగ్గర రాత్రిపూట దురద ఎక్కువైతే గజ్జి కావచ్చు. బస్తీ దవాఖానాకు పోతే చూసి మందు ఉచితంగా ఇస్తారు. పెర్మెత్రిన్ క్రీమ్ ఇస్తే దురద ఉన్నచోట మాత్రమే రాస్తే పోదు. మెడ నుంచి అరికాళ్ల దాకా రాసి రాత్రంతా ఉంచి కడుక్కోవాలి, వారం తర్వాత మళ్లీ రాయాలి, వాడిన దుప్పటీ బట్టలూ ఆ రోజే వేడినీళ్లలో ఉతకాలి. పక్క మంచాలవాళ్లు కూడా రాసుకోకపోతే మళ్లీ అంటుకుంటుంది. అందుకే కేర్‌టేకర్‌కు చెప్పడానికి మొహమాటపడొద్దు.

ఒక లాభం మాత్రం చాలామంది వాడుకోరు. గుర్తింపు కాగితాలు ఏవీ లేనివాళ్లకు, గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకుడు ఆధార్ సంస్థ ఇచ్చిన నమూనాలో సర్టిఫికెట్ రాసి ఇస్తే దాంతో ఆధార్ తీసుకోవచ్చు. పాత ఆధార్ పోయిందంతే అయితే కొత్తది అక్కర్లేదు. ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో నంబరు వెతికి ప్రింటు ఇస్తారు.

## స్టేషన్, బస్టాండ్

రిటైరింగ్ రూమ్, డార్మిటరీ ఖాయమైన టికెట్ ఉన్నవాళ్లకే. పీఎన్‌ఆర్ మీద ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. రైలు దిగిన రాత్రికి, రేపటి రైలుకు ముందు రాత్రికి ఇది బాగుంటుంది. ప్లాట్‌ఫాం టికెట్ రెండు గంటలకే చెల్లుతుంది, దాంతో రాత్రి గడుపుదామనుకుంటే కుదరదు. పొమ్మన్నా పోకపోతే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద కేసు రాస్తారు. జరిమానా కన్నా, ఆ పూట కోర్టు చుట్టూ తిరగడం వల్ల పోయే కూలీ ఎక్కువ.

స్టేషన్ అసలు ఉపయోగం క్లోక్‌రూమ్. బ్యాగుకు తాళం ఉండాలి, టికెట్ చూపాలి. ఊరి నుంచి వచ్చిన రోజు పెద్ద బ్యాగును అక్కడ పెట్టి, చిన్న సంచితో గది వెతకడానికి పోండి. రెండు బ్యాగులతో టూలెట్ బోర్డు కింద నిలబడితే ఓనరు కిరాయి పెంచే చెబుతాడు.

రోడ్డు మీద పడుకోవడంలో ఇంకో చిక్కుంది. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఇంకా ఉంది. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు నగరంలో యాచకుల్ని ఎత్తుకెళ్లి చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమంలో పెట్టారు. పెద్ద సభలు, పండగ బందోబస్తుల రోజుల్లో కూలివాడికీ యాచకుడికీ తేడా చూసే ఓపిక ఎవరికీ ఉండదు. లేబర్ కార్డో, పని చోటి ఫొటోనో ఫోన్లో ఉంచుకోండి.

## హాస్టల్

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్, కేపీహెచ్‌బీ సందుల్లో గోడ కనిపించకుండా హాస్టల్ బోర్డులుంటాయి. నెల జీతం, పగటి పని, ఒంటరి మనిషి: ఈ మూడూ ఉంటే హాస్టల్ సుఖం. రోజు కూలీకి ఇది భారం. ఎందుకంటే పని లేని వారం కూడా డబ్బు ముందే కట్టి ఉండాలి.

చేరేముందు పొద్దున ఎనిమిదింటికి పోయి చూడండి, సాయంత్రం కాదు. ఆ వేళ బాత్రూంల ముందు క్యూ ఎంతుందో చూస్తే హాస్టల్ సంగతంతా తెలిసిపోతుంది. ఒక్కో బాత్రూంకు ఎనిమిది మంది దాటితే తొమ్మిదింటి డ్యూటీ అందుకోవడం కష్టం. గదిలో మంచాలు లెక్కపెట్టండి. ఫోర్ షేరింగ్ అని చెప్పిన గదిలో గోడకు ఆనించిన మడత మంచం కనిపిస్తే అది ఐదో మనిషి కోసం. మెట్లదారి ఒక్కటే ఉండి, కింద వంటగదీ సిలిండర్లూ ఉంటే పై అంతస్తు వద్దు.

డబ్బు ఎప్పుడూ యూపీఐలోనే కట్టండి. రసీదు ఇవ్వని చోట ఫోన్లో మిగిలే ఆధారం అదొక్కటే. "అడ్వాన్స్ ఎప్పుడు, ఎంత కోసి తిరిగిస్తారు, నోటీసు ఎన్ని రోజులు" అని వాట్సాప్‌లో అడిగి జవాబు రాయించుకోండి. ముప్పై రోజుల నోటీసు అంటూ, మెయింటెనెన్స్ అంటూ చివరికి ఏమీ ఇవ్వని హాస్టళ్లు చాలా ఉన్నాయి. వాట్సాప్ జవాబు ఉంటే కనీసం గట్టిగా అడగొచ్చు. ఆధార్ జిరాక్స్ మీద "ఫలానా హాస్టల్ ప్రవేశానికి మాత్రమే" అని తేదీతో అడ్డంగా రాసి ఇవ్వండి. మొదటి వారం రోజు లెక్కన ఉంటానని అడగండి. పరీక్షల సీజన్ కాకపోతే ఒప్పుకుంటారు.

## పంచుకునే గది

ఊరివాళ్లో, మండలంవాళ్లో నలుగురైదుగురు కలిసి ఉండే గది. పాలమూరు, శ్రీకాకుళం, నల్గొండ పిల్లలు హైదరాబాద్‌లో నిలదొక్కుకున్నది ఎక్కువగా ఇలాంటి గదుల్లోనే. దీంట్లో పెద్ద పొదుపు బియ్యం దగ్గర. తెలంగాణ కార్డు ఉంటే 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఆంధ్ర కార్డువాళ్లు కూడా ఒకే దేశం ఒకే రేషన్ కింద ఇక్కడ తీసుకోవచ్చు, కాకపోతే కార్డు కేంద్ర ఆహార భద్రత చట్టం కిందిదై ఉండాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు పక్క రాష్ట్రంలో పనిచేయదు. ఊళ్లో అమ్మానాన్న అదే కార్డు మీద తెచ్చుకుంటుంటే ముందు వాళ్లతో మాట్లాడుకోండి. ఇక్కడ మీరు మొత్తం కోటా తీసుకుంటే అక్కడ వాళ్లు ఖాళీ సంచితో తిరిగి రావాలి.

వంటకు ఐదు కిలోల చిన్న సిలిండర్ చాలు. గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, చిరునామా కాగితం అడగరు. సందులో గ్యాస్ నింపి ఇచ్చేవాళ్ల దగ్గరికి పోవద్దు. నింపేటప్పుడు వాల్వు పాడవుతుంది, రాత్రి గదిలో లీకవుతుంది. నలుగురు పడుకునే గదిలో అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ఈ గదులు విడిపోయేది డబ్బు లెక్కల దగ్గరే. ఎవరో ఒకరు పనిలేక ఆ నెల వాటా ఇవ్వడు, మిగతావాళ్లు మొహమాటానికి అడగరు, మూడో నెల గొడవ. మొదటి రోజే రెండు మాటలు అనుకోండి: కిరాయి ఐదో తారీఖుకు ఎవరి చేతిలో పెట్టాలి, ఎవరైనా మధ్యలో వెళ్లిపోతే అతని అడ్వాన్స్ వాటా ఎవరిస్తారు. మామూలుగా అతని స్థానంలో వచ్చేవాడు ఇస్తాడు. అందుకని వెళ్లేవాడే కొత్త మనిషిని తెచ్చి పెట్టాలనే కట్టుబాటు మంచిది.

## సైటు షెడ్డు, వాచ్‌మన్ గది

భవన నిర్మాణ పనిలో కూలీలకు సైటులోనో దగ్గర్లోనో ఉచితంగా తాత్కాలిక నివాసం, వంటకు వేరే చోటు, స్నానాల గది, మరుగుదొడ్డి యజమాని ఇవ్వాలన్నది 1996 చట్టం నుంచీ ఉన్న నియమం. కాబట్టి షెడ్డు ఇచ్చి కూలీలో కోత పెడతానంటే ఒప్పుకోవద్దు. రేకుల షెడ్డు ఏప్రిల్, మే నెలల్లో పగలు ఉండలేనంత వేడి. పైన తడిపిన గోనెసంచులు వేస్తే కాస్త ఓర్చుకోవచ్చు. లిఫ్టు గుంత, నీళ్ల సంపు మూతలు లేని సైటులో చిన్నపిల్లలతో ఉండకండి. తల్లీ తండ్రీ పనిలో ఉన్నప్పుడే పిల్లలు వాటిలో పడతారు. పని అయిపోయిన రోజే షెడ్డూ పోతుంది, అదొకటి లెక్కలో ఉంచుకోవాలి.

భార్యాభర్తలకు ఇంకా మంచి దారి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొలువు. సెల్లార్‌లో ఒక గది, కరెంటు, నీళ్లు ఉచితం, పైన జీతం. కిరాయి అడ్వాన్స్ సమస్యే ఉండదు. కాకపోతే జీతం మాట్లాడేది మొగుడితో, పని చేసేది ఇద్దరూ. మెట్లు తుడవడం, చెత్త, మోటారు, మొక్కలు అన్నీ ఆడమనిషి మీద పడతాయి, ఆమెకు విడిగా జీతం ఉండదు. ఒప్పుకునే ముందే "కారిడార్లు తుడవడానికి ఎంత" అని వేరుగా అడగండి. ఆమె రెండు ఫ్లాట్లలో ఇంటిపని చేసుకోవచ్చా అన్నది కూడా తేల్చుకోండి, చాలా కుటుంబాలకు అసలు సంపాదన అదే. వానాకాలంలో సెల్లార్ గదిలోకి నీళ్లు వస్తాయేమో గోడ మీద మరక ఎత్తు చూస్తే తెలుస్తుంది.

ఖాళీ ప్లాట్‌కు కాపలా ఉండమని గుడిసె వేసి ఇస్తానంటే జాగ్రత్త. ఊరికే కూర్చోబెట్టి ఎవరూ డబ్బులివ్వరు. ఆ స్థలం మీద తగాదా ఉంటే అర్ధరాత్రి వచ్చే అవతలి పార్టీ మనుషులకు ముందు దొరికేది మీరే. చుట్టుపక్కల టీకొట్టులో స్థలం సంగతి అడగకుండా సామాను దించొద్దు.

## ఆడవాళ్లు, పిల్లలు, ఆస్పత్రి రోగుల మనుషులు

ఇంట్లో కొట్టి బయటికి గెంటేస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం జిల్లాకొకటి ఉంది, పిల్లలతో సహా మామూలుగా ఐదు రోజుల దాకా ఉండనిస్తారు. ఆ తర్వాత మహిళల ఆశ్రయ గృహమైన శక్తి సదన్‌కు పంపిస్తారు. మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది, ఫోన్లోనే అడగండి. ఇల్లు భర్త పేరున, అత్త పేరున ఉన్నా అందులో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ఇస్తుంది. "నీకేం హక్కు" అన్న మాటకు భయపడి కాగితాలు లేకుండా బయటికి రావొద్దు. వీలుంటే ఆధార్, రేషన్ కార్డు, పిల్లల జనన సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఉద్యోగం ఉన్న ఒంటరి మహిళకు ప్రైవేటు హాస్టల్ కన్నా ప్రభుత్వ సాయంతో నడిచే ఉద్యోగినుల హాస్టల్ సఖి నివాస్ చవక. నిబంధనల ప్రకారం కిరాయి జీతంలో శాతంగా ఉంటుంది: ఒంటరి గదికి 15, ఇద్దరి గదికి 10, డార్మిటరీకి 7.5 శాతం మించకూడదు. సీట్లు తక్కువ, అందుకే దరఖాస్తు ఇచ్చి ఇంకోచోట ఉంటూ ఎదురుచూడాలి.

ఆడవాళ్ల లెక్కలో ఇంకో తేడా బస్సు. తెలంగాణ చిరునామా కార్డున్న మహిళలకు 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అంటే దూరం పెరిగినా డబ్బు పెరగదు. లింగంపల్లిలో పనిచేసినా కిరాయి తక్కువున్న శివారులో ఉండొచ్చు, పోయేది సమయమే. ఆంధ్ర చిరునామా ఆధార్ మీద ఇది రాదు. అక్కడి పథకాలు వదులుకుని ఇక్కడికి చిరునామా మార్చుకోవాలా వద్దా అన్నది ఇంటిల్లిపాది కూర్చుని లెక్కేసుకోవాల్సిన విషయం. రెండు నెలల మజిలీ కోసమైతే మార్చొద్దు.

పిల్లల బడి: టీసీ లేదని, వయసు రుజువు లేదని ప్రభుత్వ బడి చేర్చుకోననకూడదు, 2009 విద్యాహక్కు చట్టంలో స్పష్టంగా ఉంది. చోటు మారిన వారంలోనే చేర్పించండి. అక్కడే మధ్యాహ్న భోజనం కూడా. పిల్లలు ఒంటరిగా కనిపిస్తే హెల్ప్‌లైన్ 1098, వృద్ధులకు 14567.

ఆస్పత్రిలో రోగి దగ్గర ఉన్నవాళ్లు లాడ్జి చూసుకునే ముందు ఆస్పత్రి ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఆఫీసులో అటెండెంట్ల షెల్టర్ ఉందేమో అడగండి. వార్డు ముందు వరండాలో వారాల తరబడి పడుకుని జబ్బు తెచ్చుకునేవాళ్లలో చాలామందికి ఆవరణలోనే షెల్టర్ ఉన్న సంగతి తెలియదు. భోజనం ఆస్పత్రుల దగ్గరి 5 రూపాయల కౌంటర్లలో. అన్నపూర్ణ పేరుతో 2014లో మొదలైన ఈ భోజనాలు ఇప్పుడు ఇందిరా క్యాంటీన్లు, టిఫిన్ కూడా అదే ధర. ఆంధ్ర పట్టణాల్లో అన్న క్యాంటీన్లలో మూడు పూటలా ఐదేసి రూపాయలు. ఒంటిగంటన్నర దాటితే అన్నం అయిపోతుంది, ముందే పోవాలి.

## ఎవరికి ఏది

రోజు కూలీ, ఒంటరి మగవాడు, తెలిసినవాళ్లు ఎవరూ లేరు: షెల్టర్లో చేరి, అడ్డాలో పరిచయాలు పెంచుకుని నెలలోపు పంచుకునే గదికి మారండి. రాత్రి డ్యూటీ గార్డు: పగటి డ్యూటీవాళ్లతో గది పంచుకుంటే ఒకే మంచం ఇద్దరికీ సరిపోతుంది, కిరాయి ఇంకా తగ్గుతుంది. కోచింగ్‌కో కొత్త ఉద్యోగానికో వచ్చిన కుర్రాళ్లకు మొదటి నెల హాస్టల్. భార్యాభర్తలు, చిన్నపిల్లలు: వాచ్‌మన్ గది, లేదంటే ఊళ్లో పిల్లల్ని వదిలి రెండు నెలలు సైటు షెడ్డు. రెండోది మనసుకు కష్టమే. అయినా కుటుంబమంతా బస్టాండ్లో ఉండటం కన్నా నయం. ఇంట్లో మంచాన పడ్డ ముసలివాళ్లున్నవాళ్లు పోర్షన్ అడిగే ముందే ఆ సంగతి ఓనరుకు చెప్పాలి. కిరాయి ఇంట్లో చావు జరగనివ్వని ఓనర్లు ఇంకా ఉన్నారు, చివరి ఘడియలో రోడ్డు మీదికి రావడం కన్నా ముందే ఇంకో ఇల్లు చూసుకోవడం మేలు.

సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇప్పిస్తానని పదివేలు అడిగేవాడికి మాత్రం ఈ కూడబెట్టిన డబ్బు ఇవ్వొద్దు. దాచుకోవడానికి బ్యాంకులో చిన్న ఖాతా చాలు, పూర్తి కాగితాలు లేకపోయినా తెరుస్తారు. 50,000 దాకా ఉంచుకోవచ్చు, నెలకు 10,000 తీసుకోవచ్చు.

## గది దొరికినప్పుడు

"మీరేమిట్లు?" అన్న ప్రశ్నతో మొదలయ్యే ఇంటర్వ్యూ దాటాక చూడాల్సింది మీటరు. గదికి విడిగా కరెంటు మీటరుంటే, తెల్ల రేషన్ కార్డుంటే, కిరాయిదారుకు కూడా గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం. ఓనరు మీటరు నుంచి సబ్‌మీటరు లాగి ఉంటే అది రాదు, పైగా యూనిట్‌కు ఎనిమిదో పదో ఆయన చెప్పిందే రేటు. అలాంటప్పుడు 3,500 గది, విడి మీటరున్న 4,000 గది కన్నా ఖరీదవుతుంది.

నల్లా ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తుందో పక్క పోర్షన్ వాళ్లనడగండి, ఓనరును కాదు. రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో ఇద్దరూ పనికి పోయేవాళ్లు నీళ్లు ఎలా పట్టుకుంటారో ముందే చూసుకోవాలి. వంద లీటర్ల డ్రమ్ము ఒకటి ఆ 2,500 సామాను లెక్కలో చేర్చండి. తాళంచెవి చేతికొచ్చిన పూటే సబ్‌మీటరు రీడింగు, గోడల పగుళ్లు, కుళాయిల ఫొటోలు తీసి, అడ్వాన్స్ ఎంత ఇచ్చారో రాసి, ఓనరుకు వాట్సాప్ పంపండి.